ఐదిళ్ల క్లారినెట్టు

ఇబ్రహీంపట్నం దొరకు సంగీతం తెలియదు. అయినా నిద్ర లేవడానికీ అన్నం తినడానికీ ఆయనకు సంగీతం కావాలి. లష్కర్ కంటోన్మెంటులో ఒక తెల్లపటాలం మూటాముల్లె సర్దుకుని ఓడెక్కబోతూ బ్యాండు సామాను అమ్ముకుంటుంటే, దొర పోయి ఒక పెట్టె తెచ్చుకున్నాడు. అందులో రెండు క్లారినెట్లున్నాయి. రెండు జానల చిన్నదొకటి, మూడు జానల పెద్దదొకటి. చిన్నదాని గొంతు కీచు, పెద్దదాని గొంతు నెమ్మది. పొద్దున తనను లేపడానికి చిన్నది, భోజనానికి పెద్దది అని దొర అక్కడికక్కడే ఖాయం చేసేశాడు.

ఊదడానికి కాశయ్యను పిలిపించారు. కాశయ్యది క్షౌరమూ సన్నాయీ చేసే ఇల్లు. దొర గడ్డం గీసేదీ అతనే, ఆయనుండే గడీలో పండగైతే సన్నాయి ఊదేదీ అతనే. రెండూ వెట్టే, కూలి లేని పని.

“దొరా, ఇది సన్నాయి గాదు. దీని తొవ్వ నాకు దెల్వది,” అన్నాడు కాశయ్య.

“గొట్టం గొట్టమే గదరా. ఊదు,” అన్నాడు దొర.

గొట్టం గొట్టమే కాదని నేర్పడానికి లష్కర్ నుంచి దానియేలు అనే పాత బ్యాండు మనిషి వచ్చి గడీలో కొన్నాళ్లున్నాడు. ఇది పదమూడు మీటల పాత తరహా క్లారినెట్టు అనీ, కొత్త తరహా వాటికి మీటలు ఇంకా ఎక్కువనీ, కన్నాల చుట్టూ వలయాలుంటాయనీ చెప్పాడు. ఎడమచేయి పైన, కుడిచేయి కింద. వేళ్ల కింద ఆరు కన్నాలు, ఎడమ బొటనవేలి కింద ఒకటి. చిటికెన వేళ్లకు మీటలు. ఇంతవరకూ కాశయ్యకు తేలికే. తర్వాతే బుర్ర తిరిగింది. సన్నాయిలో కింది స పట్టిన వేళ్లను కదపకుండా ఊపిరి బిగిస్తే పై స పలుకుతుంది. న్యాయంగా ఉంటుంది. ఇక్కడ అట్లా కాదు. ఎడమ బొటనవేలితో వెనకున్న మీట నొక్కితే, కింది స పట్టిన వేళ్లకు పై ప పలుకుతుంది. స పట్టినవాడికి ప చెప్పే వాయిద్యాన్ని కాశయ్య అదివరకు చూడలేదు. నెల రోజులు దాన్ని తిట్టుకున్నాడు. తర్వాత దానిమీద ప్రేమ పుట్టింది. ఏం చేస్తాం, కొందరికి అబద్ధాలాడేవాళ్లే నచ్చుతారు.

ప్రేమ పెద్దదాని మీద. చిన్నదాన్ని చూస్తే దొర మొహం గుర్తొచ్చేది. పెద్దదాన్ని ఒక్కసారి, ఎవరూ ఊదమనకుండా, ఎవరూ పాట చెప్పకుండా, తనకు తోచింది ఊదాలని కాశయ్య కోరిక. గడీలో అది కుదరదు. దొర పప్పు కలిపేటప్పుడు ఒక పాట, మజ్జిగ పోసుకునేటప్పుడు ఇంకో పాట. మధ్యలో వేలు జారి సొంత స్వరం ఒకటి పలికితే దొర ముద్ద ఆపి చూసేవాడు.

ఇంతలో దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం వచ్చింది. ఊళ్లలో వెట్టి ఆగింది. దొర ఒక పొద్దున చిన్న క్లారినెట్టును చంకన పెట్టుకుని, దొరసానిని బండిలో వెనక కూర్చోబెట్టుకుని, రజాకార్ల నీడ వెతుక్కుంటూ పట్నం పారిపోయాడు. పెద్దది గడీలో మిగిలిపోయింది. కాశయ్య ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

గడీ సామాను పంచడానికి మన్నెగూడ నుంచి సంఘం నాయకుడు దశరథ వచ్చాడు. మంచివాడు, న్యాయం అంటే ప్రాణమిచ్చేవాడు. అదే చిక్కయింది. మొదటి రోజు ఒకడికి పందిరిమంచం మొత్తం దక్కేసరికి మిగిలినవాళ్లు గొడవకు దిగారు. అప్పటినుంచి దశరథ ఒక పద్ధతి పెట్టాడు. విడిపోయే వస్తువేదైనా విడదీసి పంచాలి. ఉయ్యాల బల్ల ఒకరికి, గొలుసులు ఇద్దరికి. గోడ గడియారం పెట్టె ఒకరికి, లోలకం ఒకరికి. లోలకం దక్కినాయన దాన్ని బర్రె మెడలో కట్టాడు. ఊరంతా ఈ పద్ధతిని మెచ్చుకుంది. మా ఊరివాళ్లకు వస్తువు పనిచేయకపోయినా ఫర్వాలేదు, పక్కింటివాడికి ఎక్కువ పోకూడదు.

క్లారినెట్టు వంతు వచ్చింది. అది విడిపోతుందని అక్కడెవరికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే కాశయ్య చేతికే వచ్చేది. కానీ ఇష్టమైన వస్తువు గురించి నోరు మూసుకోవడం ఎవరి వల్లనవుతుంది?

“ఇది మామూలుది గాదు దశరథన్నా. సూడు, ఎంత పనితనమో,” అంటూ అందరి ముందూ దాన్ని తిప్పి తిప్పి ఒక్కొక్క ముక్కే ఊడదీసి గుడ్డ మీద పరిచాడు. నోట పెట్టుకునే ముక్క. దాని కింద బొటనవేలంత పొట్టి గొట్టం. ఎడమచేతి పై ముక్క. కుడిచేతి కింది ముక్క. అన్నిటికంటే కింద, ఉమ్మెత్త పువ్వులాంటి గంట.

దశరథ ఐదు ముక్కలనూ చూశాడు. జనం కూడా చూశారు. కాశయ్యకు అప్పుడు అర్థమైంది.

నోటి ముక్కను ఎవరూ తీసుకోలేదు. కాశయ్య ఎంగిలి కదా. అందుకని అది అతనికే ఇచ్చారు. పొట్టి గొట్టం బుగ్గయ్య అనే ముసలి రైతుకు పోయింది. ఆయన దాన్ని చేతికర్ర చివర తొడిగాడు. పై ముక్క రుక్కమ్మకు వచ్చింది. వెండి మీటలనుకుని ఆమె సందుగలో దాచింది. కింది ముక్క చెరువులో చేపలు పట్టే కొండల్‌కు. అతను మీటల చుట్టూ వలదారం చుట్టుకున్నాడు. గంట సిద్దమ్మకు దక్కింది. గడీలో ముప్పై ఏళ్లు వడ్లు దంచి నడుము వంగిన మనిషి. గంటను తలకిందులు చేసి, గరాటులా సీసాలో ఆముదం పోసుకోవడానికి వాడుకుంది. ఆమె ఒక్కతే తన ముక్కకు తగిన పని చూపించింది.

కాశయ్య ఇల్లిల్లూ తిరిగాడు. “నీకెందుకు పనికొస్తది రుక్కక్కా, నాకియ్యరాదు,” అని అడిగాడు. “నీకు నీ వంతు రాలేదా?” అన్నదామె. కొండల్‌దీ అదే మాట. వంతు అనే మాట కొత్తగా వచ్చింది ఊళ్లోకి. జన్మలో మొదటిసారి వంతు దక్కినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా వదులుతారా? కాశయ్యకు కోపమొచ్చేది, కానీ తప్పు పట్టలేకపోయేవాడు.

చివరికి దశరథే దారి చెప్పాడు. ఐదుగురూ ఒప్పుకుంటే ముక్కలు కలపొచ్చు. ఊదడం కాగానే ఎవరిది వాళ్లు తీసుకుపోవాలి. పాట కూడా ఐదుగురూ ఒప్పుకున్నదే ఊదాలి.

మొదటి అవకాశం రుక్కమ్మ కొడుకు పెళ్లికి వచ్చింది. మీర్‌పేట్ నుంచి ఆడపెళ్లివారు వచ్చారు. నలుగురు హక్కుదారులూ పందిట్లో కాశయ్య ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నారు. వాళ్ల కళ్లు పెళ్లికొడుకు మీద లేవు, కాశయ్య వేళ్ల మీద ఉన్నాయి. కాశయ్య వలదారం విప్పాడు, ఆముదం తుడిచాడు, ముక్కలు కలిపాడు, పెళ్లిపాట ఎత్తుకున్నాడు. పాట సగం కాకముందే కొండల్ చెయ్యెత్తాడు.

“ఆపు మామా. నీ కుడిచెయ్యి ఊకెనే ఉన్నది. నా ముక్క మీద ఒక్క కన్నం గూడ ముయ్యలే.”

“గీ పాట ఎడమచేతి మీదనే నడుస్తది కొండలూ. కింది కన్నాలు తెరిచి ఉండుడే వాటి పని.”

“తెరిచి ఉండుడు గూడ ఒక పనేనా? మరి గట్లయితే నేను ఇంట్ల పండుకుంట, చేపలు పట్టినట్టు లెక్కేసుకోర్రి.”

మాటలో న్యాయముందని పందిట్లో సగం మంది అన్నారు. కాశయ్య పాటను కిందికి దించి, కుడిచేతి వేళ్లు కూడా కదిలేట్టు మళ్లీ ఎత్తుకున్నాడు. అంత కింది శ్రుతిలో పాడలేక, తోడు పాడుతున్న ఆడవాళ్ల గొంతులు పూడుకుపోయాయి. వెనకున్న మీటను నొక్కడం లేదేమని ఈసారి రుక్కమ్మ అడిగింది. “నా ముక్కకు వెండి మీట పెట్టింది వత్తనీకే గద,” అంది. అది నొక్కితే పాట ఎగిరి వేరే స్వరం మీద పడుతుందని కాశయ్య చెప్పబోయాడు. పెళ్లి ఆమె ఇంట్లోది. నొక్కాడు. పాట ఎగిరి పడింది.

బుగ్గయ్యకు ఏ గొడవా లేదు. తన పొట్టి గొట్టానికి కన్నాలూ లేవు, మీటలూ లేవు. ప్రతి ఊపిరీ దానిలోంచే పోతుందని తెలిశాక ఆయన అందరివైపూ జాలిగా చూస్తూ చుట్ట ముట్టించుకున్నాడు.

సిద్దమ్మ మాత్రం అందరూ అయ్యేదాకా ఆగి అడిగింది. “నా గంటల నుంచి సప్పుడు ఎప్పుడొస్తది బిడ్డా?”

కాశయ్య అబద్ధం చెప్పలేకపోయాడు. గాలి మొదట తెరిచి ఉన్న కన్నంలోంచే బయటపడుతుంది. అన్ని కన్నాలూ మూసి, చిటికెన మీట కూడా నొక్కితేనే అది గంటదాకా వస్తుంది. అంటే అట్టడుగు స్వరం ఒక్కటే ఆమెది.

“గా ఒక్కటన్న ఊదు మరి. నా వంతు నాకు రావాలె.”

అందుకని కాశయ్య ప్రతి చరణం చివరా వేళ్లన్నీ మూసి ఒక దీర్ఘం ఊదాడు. బర్రె అరిచినట్టొచ్చింది. లోలకం కట్టుకున్న బర్రె నిజంగానే కొట్టంలోంచి జవాబిచ్చింది. మీర్‌పేట్ వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు. ఆ స్వరం వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని తల ఊపింది. ముప్పై ఏళ్లు దంచిన గడీ వడ్లలో ఒక్క గింజ ఆమెది కాలేదు. ఇది ఆమెది. నవ్వినవాళ్లకు ఇది ఎట్లా తెలుస్తుంది?

పెళ్లి ముగిసింది. ముక్కలు ఎవరి ఇళ్లకు వాళ్లవి వెళ్లిపోయాయి. కాశయ్య నోటి ముక్కను జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. దొర చెప్పింది ఊదితే ఒక్కడి పెత్తనం, ఇప్పుడు నలుగురిది. నలుగురూ తన మనుషులే, వాళ్లను తిట్టడానికి కూడా వీల్లేదు. అతనికి తోచిన పాట ఇంకా లోపలే ఉంది. ఒక్కోసారి నోటి ముక్క ఒక్కటే నోట్లో పెట్టుకుని, గాలిలో వేళ్లు ఆడించేవాడు. కీ అని ఒకటే కూత. పిల్లలు కోతిని చూసినట్టు చూసేవారు.

భాద్రపదంలో ఇండియా యూనియన్ మిలటరీ వచ్చింది. నిజాం లొంగిపోయాడని తెలిసి ఊరు బెల్లం పంచుకుంది. బెల్లం తియ్యదనం నాలుక మీద ఉండగానే ఇంకో కబురొచ్చింది. దొర తెల్ల ఖద్దరుటోపీ పెట్టుకుని, మిలటరీ లారీకి దారి చూపిస్తూ ముందు జీపులో వస్తున్నాడు. హయత్‌నగర్ దాటాడు. ఎవరింట్లో గడీ సామాను దొరికితే వాళ్లు సంఘపోళ్లన్నట్టే. పట్టుకుపోతారు. దశరథ అప్పటికే అడవి దారి పట్టాడు.

ఊళ్లో న్యాయం తలకిందులైంది. నిన్నటిదాకా వంతు కోసం కొట్లాడినవాళ్లు ఇవాళ ఆ వంతునే పక్కింటి పెరట్లోకి విసిరేస్తున్నారు. బర్రె మెడలో లోలకం ఊడదీయడానికి ఒకాయన ఊరంతా పరిగెత్తాడు.

కొండల్ వగరుస్తూ కాశయ్య ఇంటికొచ్చాడు. “మామా, ఇది నీదే గద. నీ బూర నీ దగ్గరనే ఉండాలె,” అని కింది ముక్కను గుమ్మంలో పెట్టి వెనక్కి చూడకుండా పోయాడు. వలదారం కూడా విప్పుకోలేదు. రుక్కమ్మ కొంగులో పై ముక్కను దాచుకుని వచ్చింది. “వెండి గాదట కాశయ్యా, ఉత్తి జర్మన్ వెండట,” అని, అదే కారణమన్నట్టు ఇచ్చేసింది. బుగ్గయ్య కర్ర చివరి గొట్టాన్ని గుంజి చేతిలో పెట్టాడు.

“చెరువుల పారెయ్యి,” అన్నాడు పోతూ పోతూ. “మా పేర్లు మాత్రం జెప్పకు కాశీ.”

కాశయ్య నాలుగు ముక్కలనూ తువ్వాల్లో చుట్టుకుని పెద్దచెరువు కట్టవైపు నడిచాడు. పారేద్దామనే బయల్దేరాడు. కానీ నడుస్తుంటే తువ్వాల్లో ముక్కలు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతున్నాయి. నాలుగు అతని చేతిలో ఉన్నాయి. పాట చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ తలుపులు వేసుకున్నారు. ఇంతకాలం అడిగింది ఇదే కదా. అతని కాళ్లు సిద్దమ్మ గుడిసెవైపు తిరిగాయి.

సిద్దమ్మ గడపలో కూర్చుని ఆముదం వడగడుతోంది. గంట సీసా మీదే ఉంది.

“అవ్వా, మిలటరీ వస్తున్నది. గది ఇంట్ల ఉంటే నిన్ను పట్టుకపోతరు. నాకియ్యి.”

“ఎందుకియ్యాలె? నాకు పంచిచ్చిన్రు.”

“మరి అరువియ్యి. ఒక్కపాట ఊది తెచ్చిస్త.”

సిద్దమ్మ అతని మొహంలోకి చూసింది. గంటను కొంగుతో తుడిచింది. “అరువు గాబట్టి ఇస్తున్న. పొద్దుగూకే లోపట నాకు రావాలె,” అంది.

కట్ట మీద కాశయ్య ఐదు ముక్కలనూ కలిపాడు. నోటి ముక్కకు కట్టిన రెల్లు పలకను నాలుకతో తడిపాడు. నోట పెట్టుకున్నాడు. ఏం ఊదాలో తెలియలేదు. నవ్వు వస్తుంది గానీ నిజం. ఇన్నేళ్లు తోచింది ఊదాలని తపించినవాడికి, తీరా ఎవరూ చెప్పకపోయేసరికి దొర పప్పు పాట వచ్చేసింది. ఛీ అని ఆపాడు. తర్వాత పెళ్లిపాట వచ్చింది. అదీ ఆపాడు. అప్పుడు కళ్లు మూసుకుని వేళ్లన్నీ తీసేశాడు. అన్ని కన్నాలూ తెరిచి ఉన్న ఆ ఒక్క స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపు పట్టుకున్నాడు. అక్కడినుంచి ఒక్కొక్క వేలే దించుతూ కిందికి దిగాడు. వెనక మీట నొక్కి ఒక్కసారిగా పైకి ఎగిరాడు. స పట్టి ప అందుకున్నాడు. ఆ అబద్ధం ఎంత తియ్యగా ఉందంటే అతనికి కన్నీళ్లొచ్చాయి. పాటకు పేరు లేదు. ఎక్కడ ముగించాలో అతనికీ తెలియదు.

ఊళ్లో అందరికీ వినబడింది. వినబడుతుంటే తలుపుల వెనక కొండల్ చెవులు మూసుకున్నాడట. రోడ్డు మీద పోతున్న జీపుకూ వినబడింది. సంగీతం తెలియని దొర దాని గొంతు మాత్రం గుర్తుపట్టాడు. ఆయన అన్నం తిన్న గొంతు అది.

కట్ట మీదికి జీపు, వెనక లారీ వచ్చి ఆగాయి. కాశయ్య ఆపలేదు. సిపాయిలు దిగి చుట్టూ నిలబడ్డాక, ఊపిరి అయిపోయి ఆపాడు. దొర జీపులోంచే మాట్లాడాడు.

“కాశిగా, ఆ బూర నాది. గడీల ప్రతి పుల్లా నాదే. నీ ఒక్కనితోని ఇది గాదు. ఎవరెవరు తీసిన్రో పేర్లు జెప్పు. జెప్తే ఇంటికి పో. రేపు పొద్దుగాల వచ్చి ఎప్పటిలెక్కనే ఊదు. పెద్దది నీ చేతులనే ఉంటది, ఎవ్వడు ముట్టడు.”

కాశయ్య క్లారినెట్టువైపు చూశాడు. మొత్తం అతని చేతిలో ఉంటుంది. ఎవరింటికీ పోయి అడుక్కోనక్కరలేదు. నాలుగు పేర్లు చెబితే చాలు. ఆ నలుగురిలో ముగ్గురు ఇందాక దాన్ని అతని గుమ్మంలో పారేసి పోయినవాళ్లు. వాళ్ల మీద కోపం లేదని కాదు, ఉంది. అయినా నోరు రాలేదు.

సిపాయిల పెద్ద, మీసాల సర్దార్, అది ఎవరిదని విసుగ్గా అడిగాడు. “యే కిస్కా హై?”

“నాది సాబ్,” అన్నాడు కాశయ్య.

ఆ మాట అనగానే అతని ఒళ్లు తేలికైంది. జన్మలో ఏ వస్తువును గురించీ అట్లా అనలేదు. బాగుందనిపించి మళ్లీ అన్నాడు. “ఎవ్వలకు సంబంధం లేదు. పైది, కిందిది, మీటలు, గంట, అంతా నాదే.”

సిపాయిలు అతన్ని లారీ ఎక్కించారు. క్లారినెట్టును సాక్ష్యంగా పక్కనే పడేశారు. లారీ వెనక బల్ల ఎత్తబోతుంటే కట్ట కిందినుంచి సిద్దమ్మ ఒంగొంగి నడుచుకుంటూ వచ్చింది. పొద్దు గూకుతోంది. నేరుగా లారీ దగ్గరకొచ్చి చెయ్యి చాపింది.

“నా గంట.”

కాశయ్య సిపాయిలవైపు ఒకసారి చూశాడు. ముందుకు వంగి గొంతు తగ్గించాడు. “అవ్వా, జర పో ఇంటికి. అంతా నాదే అని జెప్పిన. నీ పేరు రాలేదు.”

“అంతా నీదెట్లయితది? గంట నాది. దశరథ పంచిచ్చినప్పుడు ఊరంత సూసింది. అరువిచ్చిన నీకు.”

“బుడ్డీ క్యా బోల్తీ హై?” అని ముసలమ్మ మాటకు అర్థం అడిగాడు సర్దార్. దొర చెప్పాడు. సర్దార్‌కు నమ్మకం కలగక మళ్లీ అడిగాడు. పట్టుకుపోతారని తెలిసీ, ఒక గొట్టంలో ఐదోవంతు తనదని చెప్పుకుంటున్న మనిషిని ఆయన ఏ ఊళ్లోనూ చూసి ఉండడు.

“పో అవ్వా, నీ కాళ్లు మొక్కుత,” అన్నాడు కాశయ్య. “ఒక్కపారన్న అంతా నాదే అని అననియ్యి.”

“అననియ్య,” అంది సిద్దమ్మ. “అంతా నాదే అన్నోడు ఒకడు జీపుల కూసున్నడు. సాలదా?”

ఆమె లారీ బల్ల పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా, మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. కాశయ్య ఏడుస్తూ చెయ్యి అందించాడు. తర్వాత పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.